బడిగంట, గని సైరన్

జూన్ నెల రెండో వారం. వేసవి సెలవులు ముగిశాయి. గోదావరిఖనిలో ఒక కార్మికుని ఇంటిని ఊహించుకోండి. తండ్రి టిఫిన్ డబ్బా సర్దుకొని మొదటి షిఫ్టుకు బయలుదేరుతున్నాడు. కూతురు కొత్త పుస్తకాల సంచి భుజాన వేసుకొని బడికి బయలుదేరుతోంది. ఆయన గని దగ్గర మస్టరు వేయించుకొని, టోపీకి దీపం తగిలించుకొని ఇంక్లైను వెంట భూమిలోకి దిగుతాడు. ఆమె బడిలో హాజరు పలికి ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం తెరుస్తుంది.

ఈ రెండు పనులకూ ఏమిటి సంబంధం? చాలా ఉంది. ఆ పుస్తకం విషయసూచిక ఒకసారి చూడండి. మీరు పై తరగతిలో ఉంటే మీ తమ్ముణ్ణో చెల్లెలినో అడిగి తీసుకోండి. బలం, ధ్వని, నేలబొగ్గు, దహనం – ఈ పేర్లు అందులో కనబడతాయి. పుస్తకంలో ఇవి వేరు వేరు పాఠాలు. ఒకటి జూన్‌లో చెబుతారు, మరొకటి దసరా తరువాత చెబుతారు. గనిలో మాత్రం ఈ పాఠాలన్నీ ఒకే చోట, ఒకే సమయంలో ఉంటాయి. కిందికి దిగిన మనిషి సాయంత్రం క్షేమంగా పైకి రావాలంటే వీటిలో ఏ ఒక్కదాన్నీ మరవకూడదు. ఎలాగో చూద్దాం.

మొదటి పాఠం: నేలబొగ్గు

1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నట్లు కనుగొన్నాడు. ఆ దగ్గరి సింగరేణి గ్రామం పేరే తరువాత కంపెనీకి వచ్చింది. 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీగా నమోదయింది. గోదావరి లోయ వెంబడి రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, భూపాలపల్లి, కొత్తగూడెం ప్రాంతాలలో పరుచుకొని ఉన్న ఈ బొగ్గు ఎప్పటిది? ఇంచుమించు 25 నుంచి 30 కోట్ల సంవత్సరాల నాటిది. అప్పటికి భూమి మీద రాక్షసబల్లులు కూడా పుట్టలేదు.

ఆ రోజులలో ఇక్కడ చిత్తడి అడవులు ఉండేవి. గ్లోసోప్టెరిస్ అనే చెట్లు విస్తారంగా పెరిగేవి. వాటి ఆకు నాలుక ఆకారంలో ఉండేది. అందుకే గ్రీకు భాషలో నాలుకను సూచించే మాటతో దానికి ఆ పేరు పెట్టారు. బొగ్గు పొరల మధ్యనున్న రాళ్ళలో ఆ ఆకుల ముద్రలు దొరుకుతాయి. ఇవే ముద్రలు ఆస్ట్రేలియాలో, దక్షిణ ఆఫ్రికాలో, అంటార్కిటికాలో కూడా దొరికాయి. ఒకప్పుడు ఈ భూములన్నీ కలిసి ఉండేవనడానికి అది ఒక సాక్ష్యం. ఆ మహాఖండానికి గోండ్వానా అని పేరు. గోండులు నివసించే ప్రాంతం పేరే అది. గోదావరి ఒడ్డున మన పొరుగువారైన గోండుల పేరును ప్రపంచమంతటా భూగర్భ శాస్త్రజ్ఞులు పలుకుతున్నారన్న మాట!

చెట్లు నీటిలో పడి, బురద కింద కప్పబడి, గాలి తగలక పూర్తిగా కుళ్ళలేదు. పై పొరల బరువుకూ లోపలి వేడికీ మెల్లమెల్లగా బొగ్గుగా మారాయి. ఈ మార్పులో ఒక వాయువు కూడా పుట్టింది. అదే మీథేన్. అందులో కొంత బొగ్గులోని సన్నని రంధ్రాలలో చిక్కుకొని ఉండిపోయింది. బొగ్గును పగలగొట్టినప్పుడు అది బయటికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలి కంటే తేలిక కాబట్టి పైకప్పు కింద చేరుతుంది. ఇక్కడితో రెండో పాఠం మొదలవుతుంది.

రెండో పాఠం: దహనం

ఏదైనా మండాలంటే మూడు కావాలని మీ పుస్తకం చెబుతుంది. మండే పదార్థం కావాలి, ఆక్సిజన్ కావాలి, జ్వలన ఉష్ణోగ్రత అందాలి. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మంట లేదు. పరీక్షలో ఇది రెండు మార్కుల ప్రశ్న. గనిలో ఇదే ప్రాణసూత్రం.

గనిలో మండే పదార్థం నాలుగు వైపులా ఉంది. దాన్ని తీసివేయలేం. ఆక్సిజన్‌ను కూడా తీసివేయలేం. మనుషులు పీల్చాలి కదా! గాలిలో ఆక్సిజన్ 19 శాతానికి తగ్గరాదని గనుల నిబంధనలే చెబుతున్నాయి. ఇక మిగిలింది వేడి. అందుకే అగ్గిపెట్టె, బీడీ, సిగరెట్టు గనిలోకి తీసుకుపోకూడదు. దిగేముందు తనిఖీ చేసేది ఇందుకే.

గాలిలో మీథేన్ సుమారు 5 నుంచి 15 శాతం వరకు ఉంటే ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. అంతకంటే తక్కువైతే ఇంధనం చాలదు. ఎక్కువైతే ఆక్సిజన్ చాలదు. 5 శాతం వచ్చేదాకా ఆగితే ప్రమాదం ముంచుకొచ్చినట్లే. అందువల్ల ఎక్కడైనా 1.25 శాతం దాటితే కరెంటు ఆపి, మనుషులను బయటికి పంపాలని నియమం. పెద్ద పెద్ద ఫ్యానులు పెట్టి గాలిని గనిలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిపిస్తూ ఉండటం వల్ల మీథేన్ పలచబడి కొట్టుకుపోతుంది. ఆ ఫ్యాను చెమట ఆరడానికి మాత్రమే కాదు!

ఫ్యానులూ విద్యుద్దీపాలూ లేని కాలంలో ఏం చేసేవారు? మంట దీపాలే పట్టుకు వెళ్ళేవారు. 1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో పేలుడు జరిగి 92 మంది మరణించారు. ఈ ఘోరం తరువాత హంఫ్రీ డేవీ అనే శాస్త్రజ్ఞుణ్ణి ఉపాయం ఆలోచించమని కోరారు. 1815లో ఆయన చేసిన పని చాలా సులువైనది. దీపం చుట్టూ సన్నని లోహపు జల్లెడ బిగించాడు. లోహం మంచి ఉష్ణవాహకం. మంటలోని వేడిని అది లాగి చుట్టూ పంచేస్తుంది. అందువల్ల జల్లెడకు బయట ఉన్న వాయువుకు జ్వలన ఉష్ణోగ్రత అందదు. మీథేన్ ఉన్న చోట ఆ దీపం మంటపై నీలిరంగు టోపీ వంటిది కనబడుతుంది. అంటే వెలుగు ఇచ్చే దీపమే హెచ్చరిక కూడా చేసింది. నేడు ఆ పనిని విద్యుత్ పరికరాలు అంకెలతో చెబుతున్నాయి.

మరో వింత చూడండి. నిప్పు ఎవరూ పెట్టకుండానే బొగ్గు అంటుకోగలదు. బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను నెమ్మదిగా గ్రహిస్తుంది. అప్పుడు కొద్దికొద్దిగా వేడి పుడుతుంది. గాలి ధారాళంగా వీస్తే ఆ వేడి పోతుంది. గాలి అసలే అందకపోతే వేడి పుట్టదు. ఈ రెండింటికీ మధ్య, గాలి కొంచెమే అందే చోట వేడి పోగై, చివరకు పొగ, మంట వస్తాయి. పెద్ద బొగ్గు కుప్పల నుంచి పొగ లేవడం ఈ ప్రాంతంలో చాలామంది చూసే ఉంటారు. బొగ్గు తీసేసిన పాత భాగాలను గోడలు కట్టి మూసివేయడానికి ఒక ముఖ్య కారణం ఇదే: ఆక్సిజన్ అందకుండా చేయడం. ఇలా రాజుకునేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే 200 రెట్లకు మించిన బలంతో దీన్ని పట్టుకుంటుంది. అందుకే అది కొద్దిగా ఉన్నా ప్రాణాంతకమే.

మూడో పాఠం: ధ్వని

సంతలో కుండ కొనేటప్పుడు మీ అమ్మమ్మ ఏం చేస్తుంది? వేలి కణుపుతో కొట్టి చూస్తుంది. మంచి కుండ ఖంగుమంటుంది. పగులు ఉన్న కుండ బొదబొదమంటుంది. గనిలో అనుభవజ్ఞుడైన కార్మికుడు చేసేదీ అదే. పని మొదలుపెట్టే ముందు ఇనుప మొన ఉన్న కర్రతోనో కడ్డీతోనో పైకప్పును తట్టి వింటాడు. రాయి గట్టిగా ఉంటే శబ్దం స్పష్టంగా మోగుతుంది. పొర విడిపోయి పైన ఖాళీ ఏర్పడితే డోలు కొట్టినట్లు డొల్లగా వినిపిస్తుంది.

ఎందుకలా? ధ్వని కంపనం వల్ల పుడుతుంది కదా! గట్టి కప్పు పైనున్న మొత్తం రాతితో కలిసి ఉంటుంది. విడిపోయిన పలక మాత్రం డోలు చర్మంలా విడిగా, నెమ్మదిగా కంపిస్తుంది. కంపనాలు తక్కువైతే స్వరం తగ్గుతుంది. కొందరు ఒక చేత్తో తట్టుతూ, రెండో చేతి వేళ్ళను కప్పుకు ఆనించి ఉంచుతారు. చెవికి తెలియని అదురు వేలికి తెలుస్తుంది. మన దేశపు భూగర్భ బొగ్గు గనులలో ఎక్కువ మందిని పొట్టన పెట్టుకున్న కారణాలలో కప్పు కూలడం ఒకటి. కాబట్టి ఈ తట్టి చూడటం కేవలం అలవాటు కాదు. డొల్ల శబ్దం వచ్చిన చోట వదులు రాతిని దించివేయాలి, లేదా ఆధారం ఇవ్వాలి. కప్పుకు రంధ్రాలు వేసి పొడవాటి ఇనుప బోల్టులు దిగగొట్టి, విడి పొరలన్నిటినీ కలిపి బిగించడం ఇప్పటి పద్ధతి.

నాలుగో పాఠం: పీడనం

బలం పాఠంలో పీడనం అనే మాట వస్తుంది. ఒక చదరపు సెంటీమీటరు మీద ఎంత బలం పడుతోంది అన్నదే పీడనం. జూన్‌లో బడులతో పాటు వానలు కూడా మొదలవుతాయి. నీరు నేలలోకి ఇంకుతుంది. బొగ్గు తీసేసిన పాత భాగాలలో చేరి నిలుస్తుంది.

నీటి పీడనం నీటి ఎత్తును బట్టి ఉంటుంది. ప్రతి 10 మీటర్ల ఎత్తుకు ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు పడుతుంది. చెరువంత నీరున్నా, బోరుబావి అంత సన్నని గొట్టంలో నీరున్నా, ఎత్తు సమానమైతే అడుగున పీడనం సమానమే!

ఇప్పుడు ఒక చిన్న లెక్క. పాత భాగంలో నీరు 40 మీటర్ల ఎత్తున నిలిచిందనుకోండి. దాని అడుగున 2 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న గోడ ఉంది. వైశాల్యం 5 చదరపు మీటర్లు. ఒక్కో చదరపు మీటరు మీద 40 టన్నులు. మొత్తం 200 టన్నులు! ఒక రైలు వ్యాగన్‌లో 60 టన్నుల బొగ్గు పడుతుందనుకుంటే, మూడు వ్యాగన్ల బొగ్గుకు మించిన బరువు ఆ గోడను నెడుతోంది. గోడకు అవతల ఉన్నవాడికి అది కనబడదు, వినబడదు.

ఇది లెక్కల పుస్తకం కోసం కల్పించిన సంగతి కాదు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలా గనిలోకి పైభాగంలో నిలిచిన నీరు విరుచుకుపడి 375 మంది మరణించారు. 2003 జూన్ 16న మన గోదావరిఖనిలోనే, 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొచ్చుకు వచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. బడులు తెరిచే రోజులే అవి. నీరు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపు తవ్వాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలనీ, ముందు సన్నని బోరు రంధ్రాలు వేసి పరీక్షించుకుంటూ సాగాలనీ నియమం ఉంది. దీనికి మరొకటి తోడు కావాలి. పాత తవ్వకాల పటం సరిగా ఉండాలి. పటంలో గీత తప్పితే 60 మీటర్ల లెక్కా తప్పుతుంది. స్కేలుతో కొలిచి పటం గీయడం మీరు లెక్కల క్లాసులో నేర్చుకునేది ఇందుకు కూడా.

ఇప్పుడు సింగరేణి బొగ్గులో అధికభాగం ఓపెన్‌కాస్టు గనుల నుంచే వస్తోంది. రామగుండం జలాశయం నీటిపై 2022 నుంచి 100 మెగావాట్ల సౌర విద్యుత్కేంద్రం కూడా తేలుతోంది. రేపటి పనులు వేరుగా ఉండవచ్చు. అయినా నేటికీ ప్రతి షిఫ్టులో కొందరు భూమిలోకి దిగుతున్నారు. 19 శాతం, 1.25 శాతం, 60 మీటర్లు – ఈ అంకెలు వారి కోసం. వాటిని బట్టీ పట్టిన వాడికంటే, ఎందుకో తెలిసినవాడు ఎక్కువ శ్రద్ధగా పాటిస్తాడు.

మీరే చేసి చూడండి

ఒక ప్లాస్టిక్ సీసాకు పై నుంచి కిందికి సమాన దూరంలో మూడు చిన్న రంధ్రాలు చేయండి. వాటిపై టేపు అంటించి సీసా నిండా నీళ్ళు పోసి, టేపును ఒక్కసారిగా లాగండి. ఏ రంధ్రం నుంచి నీరు ఎక్కువ వేగంతో చిమ్ముతోంది? మీరు చదివిన నియమమే కంటికి కనబడుతుంది.

ఇంట్లో రెండు కుండలు, ఒకటి మంచిది, ఒకటి పగిలినది, తట్టి వినండి. కళ్ళు మూసుకొని ఏది ఏదో చెప్పగలరా?

మీ ఇంట్లోనో వాడలోనో బాయి పని చేసినవారు ఉంటే, ఆయన కప్పును ఎలా పరీక్షించేవారో అడగండి. ఏ శబ్దం వస్తే వెనక్కు తగ్గేవారో ఆయన తట్టి చూపిస్తారు. ధ్వని పాఠం వచ్చినప్పుడు ఆ సంగతి మీ క్లాసులో చెప్పండి. మీ మాస్టారు కూడా శ్రద్ధగా వింటారు.