పాత ట్రాలీ కొంటున్నారా? డీజిలా, పెట్రోలా... ముందు లెక్క చూడండి!

విజయవాడ: పాడి గేదెను కొనే రైతు రెండు పూటలా పాలు పితికి చూసిగాని బయానా ఇవ్వడు. పాత ట్రాలీ బండి కొనేవారిలో చాలామంది మాత్రం రంగు మెరుపూ, టైర్ల అరుగుదలా చూసి డబ్బు చేతిలో పెట్టేస్తున్నారు. నాలుగు నెలలు తిరక్కుండానే ఇంజను విప్పవలసి వస్తే అప్పుడు మొదలవుతాయి అసలు కష్టాలు. బండి షెడ్డులో ఆగుతుంది. అప్పు వాయిదా మాత్రం ఆగదు.

కూరగాయలు, పాల క్యాన్లు, చేపలు, మామిడికాయలు, ఇటుకలు, పెళ్ళి పందిళ్ళ సామాను - ఏది కదలాలన్నా ఇవాళ చిన్న ట్రాలీయే దిక్కు. కొత్త బండి కొనే స్తోమత లేనివారు చీటీ పాడుకునో, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టుకునో సెకండ్ హ్యాండ్ బండికి దిగుతారు. నలుగురున్న కుటుంబం దాని మీదే బతకాలి. అలాంటివారిని వేధించే ప్రశ్న ఒక్కటే - డీజిల్ బండి కొనాలా, పెట్రోలుదా? దీనికి జవాబు బండిలో లేదు. బండి రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరగబోతున్నదన్న దానిలో వుంది.

పాతకాలపు నమ్మకం

సరుకు బండి అంటే డీజిలేనన్న నమ్మకం వూరికే పుట్టలేదు. ఒకప్పుడు డీజిల్ ధరను ప్రభుత్వమే అదుపులో వుంచేది. పెట్రోలుతో పోలిస్తే అది ఎంతో చవక. పెట్రోలు ధరపై నియంత్రణను కేంద్రం 2010 జూన్‌లో తీసివేసింది. డీజిల్‌పై 2014 అక్టోబరులో ఎత్తివేసింది. నాటి నుంచి రెండింటి ధరలకూ వున్న దూరం తగ్గింది. డీజిల్ ఇప్పటికీ కొంత చవకే. కాని కళ్ళు మూసుకుని డీజిల్ బండి కొనే రోజులు పోయాయి.

సంతలో దొరికే బళ్ళు కూడా మారాయి. 2005లో వచ్చిన టాటా ఏస్‌కు రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజను పెట్టారు. ముప్పాతిక టన్ను మోసే ఆ బండి రాకతో వూరి సందుల్లోకి సైతం సరుకు రవాణా చేరింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక ఇదే కోవలో పెట్రోలు బళ్ళు కూడా దిగాయి. అందువల్ల 2020కి ముందు తయారైన చిన్న ట్రాలీల్లో ఎక్కువ భాగం డీజిల్‌వే. ఆ తర్వాతి వాటిలోనే పెట్రోలు, గ్యాస్, డీజిల్ మూడూ కనిపిస్తాయి. బొలేరో పికప్, దోస్త్ వంటి పెద్ద తరగతిలో నేటికీ డీజిల్‌దే పైచేయి.

తేడా ఎక్కడ?

పెట్రోలు ఇంజనులో గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని సుమారు పదోవంతుకు కుదించి, ప్లగ్గుతో నిప్పురవ్వ పుట్టిస్తారు. డీజిల్ ఇంజనులో ప్లగ్గు నిప్పు వుండదు. గాలిని పదిహేనో వంతు నుంచి ఇరవయ్యో వంతు దాకా నొక్కుతారు. ఆ నొక్కుడుకే గాలి నిప్పులా కాగుతుంది. అందులోకి నాజిల్ ద్వారా డీజిల్‌ను తుంపరగా చిమ్మితే దానంతట అదే మండుతుంది. లీటరు డీజిల్‌లో వుండే శక్తి కూడా లీటరు పెట్రోలులో కంటె ఎక్కువ. నిండు లోడుతో నెమ్మదిగా పోతున్నా డీజిల్ బండి లాగడానికీ, మైలేజి ఎక్కువ ఇవ్వడానికీ కారణాలివే.

అంత ఒత్తిడిని తట్టుకోవాలి గనుక డీజిల్ ఇంజను బరువుగా, గట్టిగా వుంటుంది. ధరా ఎక్కువే. పంపు, నాజిళ్ళు వెంట్రుకవాసి తేడా లేకుండా పనిచేయాలి. డీజిల్‌లో నీరో, మట్టో చేరితే ముందు దెబ్బతినేవి అవే. పెట్రోలు బండిలో ప్లగ్గు, కాయిల్ మార్పించుకోవడం కొద్ది ఖర్చుతో తేలిపోతుంది. డీజిల్ పంపు విప్పితే అలా తేలదు.

కాగితం మీద లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. డీజిల్ లీటరు రూ.97, పెట్రోలు రూ.110 అనుకుందాం. లోడుతో డీజిల్ బండి లీటరుకు 18 కిలోమీటర్లు, పెట్రోలు బండి 14 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. కిలోమీటరుకు డీజిల్ ఖర్చు సుమారు రూ.5.40, పెట్రోలు ఖర్చు రూ.7.85 అవుతుంది. తేడా రూ.2.45. డీజిల్ బండి ధర పెట్రోలు దానికంటె రూ.60,000 ఎక్కువ పలికిందనీ, ఆ పై సొమ్మును నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనీ అనుకుందాం. నెలకు వడ్డీయే రూ.1,200.

కంకిపాడు నుంచి విజయవాడకు కూరగాయలు తెచ్చే బండి రానూపోనూ రోజుకు 30 కిలోమీటర్లు తిరుగుతుంది. నెలకు 25 రోజులు నడిచినా 750 కిలోమీటర్లే. డీజిల్ వల్ల మిగిలేది సుమారు రూ.1,840. వడ్డీ పోగా చేతికి వచ్చేది రూ.640. ఏడాదంతా కూడబెట్టినా ఎనిమిది వేలు దాటదు. ఒక్కసారి పంపు మొరాయిస్తే అదీ పోతుంది. అసలు రూ.60,000 తీరే మార్గమే లేదు.

అదే మచిలీపట్నం నుంచి విజయవాడకు చేపలు తెచ్చే బండి రానూపోనూ 140 కిలోమీటర్లు తిరుగుతుంది. నెలకు 3,500 కిలోమీటర్లు. మిగులు సుమారు రూ.8,575. వడ్డీ పోయినా రూ.7,375 నిలుస్తుంది. అదనంగా పెట్టిన సొమ్ము తొమ్మిది నెలల్లోపే తిరిగి వస్తుంది. ఆ తర్వాతదంతా లాభమే. బండి అదే, ఇంజను అదే. ఒకరికి అన్నం పెట్టినది మరొకరిని అప్పులపాలు చేస్తుంది.

ధరలు వూరికొక తీరుగా వుంటాయి, మారుతూ వుంటాయి. కనుక కొనేవారు తమ వూరి బంకు ధర, తమ కిరాయి దూరం, తాము తెచ్చే అప్పు వడ్డీ వేసుకుని ఈ లెక్కను సొంతంగా కట్టుకోవాలి.

బీఎస్-6 బండితో జాగ్రత్త

పాతకాలపు డీజిల్ ఇంజనును పల్లెటూరి మేస్త్రీ కూడా చెట్టుకింద విప్పి బిగించగలడు. కొత్తవి అలా కావు. కామన్ రైల్ పద్ధతిలో డీజిల్ వెయ్యి బార్ దాటిన ఒత్తిడితో చిమ్ముతుంది. లోపం పట్టాలంటే కంప్యూటరు తగిలించాలి. బీఎస్-6 డీజిల్ బళ్ళలో పొగ మసిని పట్టే వడపోత కూడా వుంటుంది. బండి హైవే మీద కొంతదూరం వేడిగా నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది. మార్కెట్టుకీ దుకాణానికీ మధ్య నాలుగు కిలోమీటర్లు తిరిగి ఆగే బండిలో మసి పేరుకుని వడపోత మూసుకుపోతుంది. బస్తీలో చిన్న తిరుగుళ్ళకు పెట్రోలు బండి మేలనడానికి ఇది మరో కారణం.

గ్యాస్ బండి సంగతి

విజయవాడ వంటి చోట్ల సీఎన్‌జీ బంకులు వున్నందున గ్యాస్ బండ్లకూ గిరాకీ వుంది. ఇంజను పెట్రోలు తరహాదే. గ్యాస్ మీద నడిచేటప్పుడు లాగుడు కొంత తగ్గుతుంది. సిలిండరు బరువు కూడా బండే మోయాలి. తిరిగే దారిలో బంకు లేకపోయినా, వున్న బంకు దగ్గర గంటల తరబడి వరుసలో నిలబడవలసి వచ్చినా ఆదా అంతా ఆవిరే.

సిలిండరులో గ్యాస్ 200 బార్ ఒత్తిడితో వుంటుంది. మూడేళ్ళకొకసారి దానికి ఒత్తిడి పరీక్ష జరగాలి. ఆ తేదీ పలక మీద వుందో లేదో చూడాలి. కిట్టు తర్వాత బిగించినదైతే ఆ సంగతి సి-బుక్కులో ఎక్కి వుండాలి. ఎక్కకపోతే ప్రమాదం జరిగిననాడు బీమా దగ్గర చిక్కు వస్తుంది.

పొద్దున్నే వెళ్ళండి

ఏ బండినైనా ఇంజను చల్లగా వున్నప్పుడే చూడాలి. అమ్మేవారు ముందే స్టార్టు చేసి వేడెక్కించి వుంచితే అనుమానించవలసిందే. బానెట్టు మీద చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది. చల్లని డీజిల్ ఇంజను ఎక్కువసేపు గింజుకోకుండా అందుకోవాలి.

పొగ రంగు సగం కథ చెబుతుంది. నల్లపొగ విడవకుండా వస్తే నాజిళ్ళు చెడడమో, గాలి ఫిల్టరు మూసుకుపోవడమో జరిగి వుంటుంది. నీలిపొగ అయితే ఇంజను ఆయిల్ తాగుతున్నదని అర్థం. రింగులో, బోరో అరిగినట్లే. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గకపోతే డీజిల్ సరిగా మండడం లేదో, లోపలికి నీరు దిగుతున్నదో చూడాలి.

ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయించాలి. అక్కడినుంచి బుసబుసా పొగ తన్నుకువస్తే బోరు పని దగ్గరపడినట్లే. ఆయిల్ పుల్ల తీసినప్పుడు ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో కనబడితే నీరు కలిసినట్లు. అలాంటి బండిని ఎంత తక్కువకు ఇస్తామన్నా వదిలిపెట్టడమే మంచిది. చివరగా సగం లోడు వేసి ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కించి చూడాలి. ఖాళీ బండి పరుగు చూసి మోసపోరాదు.

మీటరులో కిలోమీటర్లు తక్కువ చూపుతున్నా నమ్మరాదు. క్లచ్ పెడలు రబ్బరు అరిగి, స్టీరింగు నునుపెక్కి వుంటే బండి ఎంత తిరిగిందో అవే చెబుతాయి.

కాగితాలు

సి-బుక్కు, బీమా, ఎఫ్.సి., పన్ను రసీదు నాలుగూ సరిచూడాలి. చెల్లించని చలానాలు, ఫైనాన్సు బాకీ వున్నదీ లేనిదీ రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైటులో తెలుసుకోవచ్చు. ఫైనాన్సు తీరిందని నోటిమాట చెబితే చాలదు. ఫైనాన్సు సంస్థ సంతకంతో ఫారం 35 వుండాలి. యాజమాన్య బదిలీకి ఫారం 29, ఫారం 30 కావాలి. బదిలీ పూర్తికాకుండా మొత్తం డబ్బు ఇచ్చివేయరాదు.

సరుకు బండికి ఎనిమిదేళ్ళు దాటాక ఎఫ్.సి. ఏటా చేయించుకోవాలి. పదిహేనేళ్ళు దాటిన బళ్ళకు ఆ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి పెంచారు. చవకగా దొరికిందని ముసలి బండి కొనేవారు ఈ ఖర్చునూ కలుపుకోవాలి. పదేళ్ళు దాటిన డీజిల్ బండిని రోడ్డెక్కనివ్వరన్న మాట మార్కెట్టులో వినబడుతుంటుంది. ఆ ఆంక్ష ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించి వచ్చినది. ఆ మాట చెప్పి ఇక్కడ ధర తగ్గించజూసినా, అక్కడి బండిని ఇక్కడ అంటగట్టజూసినా తెలివిగా మెలగాలి.

చేతిలో వున్నదంతా బండికే పోయరాదు. ధరలో పదోవంతైనా మొదటి ఆరు నెలల మరమ్మతులకు దాచుకోవాలి. అమ్మేవారు చూపిన మేస్త్రీని గాక, తమకు తెలిసిన మేస్త్రీని వెంట తీసుకువెళ్ళాలి. ఆయన కూలి నాలుగైదు వందలు దండగ అనుకునేవారు ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. బోరు పనికి షెడ్డులో పడిన బండి రోజుకొక కిరాయి పోగొడుతుంది. ఆ నష్టం ఏ మైలేజి లెక్కలోనూ కనబడదు.