తాబేలు తప్పుకొను త్రోవ

అమెరికా తూర్పుతీరమున స్కాలప్ అను రెండుచిప్పల గుల్లజీవిని పట్టు పరిశ్రమ పెద్దది. సముద్రపు టడుగున పడియుండు ఈ ప్రాణికై జాలరులు డ్రెడ్జి యను సాధనమును ఈడ్చుదురు. అది 15 అడుగుల వరకు వెడల్పు గల ఇనుపచట్రము. దాని వెనుక ఇనుపవలయములతో అల్లిన సంచి. ఆ సంచిలో లాగర్‌హెడ్ జాతి తాబేళ్లును చిక్కుచుండెను. ఈ జాతిని 1978 నుండియు ఆ దేశపు చట్టము కాపాడుచున్నది.

అప్పుడు వారేమి చేసిరో మన పాఠకులు గమనింపదగును. 2003, 2004 సంవత్సరములలో వర్జీనియా సముద్రవిజ్ఞాన సంస్థవారును పడవల యజమానులును కలిసి పరీక్ష జరిపిరి. పడవకు ఇరుప్రక్కల రెండు డ్రెడ్జిలు. ఒకదాని నోటికి నిలువుగను అడ్డముగను గొలుసులు కట్టిరి, రెండవదానిని మామూలుగా విడిచిరి. ఒకే నీరు, ఒకే వేగము. మూడువేలకు పైబడిన ఈడ్పులలో మామూలు డ్రెడ్జిలో 8 తాబేళ్లు పడెను; గొలుసుల దానిలో ఒక్కటియు పడలేదు. స్కాలప్పులు మాత్రము నూటికి 7 పాళ్లకు కొంచెము లోపుగా తగ్గెను. ఈ నష్టమును దాచక ప్రకటించుట మాకు మిక్కిలి నచ్చినది. 2006లో గొలుసులు శాసనమయ్యెను.

అంతటితో సందేహము తీరలేదు. చట్రము క్రింద నలిగిన తాబేలు పడవపైకి రాదు, లెక్కకును రాదు గదా! కావున చచ్చిన తాబేళ్ల కళేబరములను డ్రెడ్జి దారిలో నుంచి, నీటియడుగున కెమేరాలతో పరికించిరి. చట్రపు ముందుభాగమును ఏటవాలుగా మలచి, ఎదురైన తాబేలు మీదుగా జారి తప్పుకొనునట్లు చేసిరి. 2013 నుండి తాబేళ్లు తిరుగాడు ఋతువులో, అవి తిరుగాడు నీటిలో ఈ క్రొత్తచట్రము తప్పనిసరి యయ్యెను.

ఈ దేశమే 1989 నాటి చట్టముచేత, తాబేళ్లను తప్పించు సాధనము లేని వలలతో పట్టిన పరదేశపు రొయ్యలను నిషేధించినది. భారతదేశము మరి మూడు దేశములతో గూడి ప్రపంచ వాణిజ్య సంస్థలో మొరపెట్టగా, ఉద్దేశము మంచిదే గాని అమలులో పక్షపాతమున్నదని 1998లో తీర్పు వచ్చెను. 2019లో మన సముద్రపు రొయ్యకు మరల తలుపు మూసిరి. చెరువురొయ్యకు ఈ బాధ లేదు. కృష్ణా గోదావరీ మండలములలోని చెరువుల యజమానులు నిశ్చింతగా నుండుటకు ఇదియే కారణము కాబోలు. దెబ్బ తినినవాడు కడలికి పోవు మరపడవవాడు.

పరులు శాసించిరని రోషపడుట సహజమే. కాని గ్రుడ్లు పెట్టవచ్చు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చలికాలపు తుదినాళ్లలో మన తీరమున చచ్చి కొట్టుకొనివచ్చుచున్నవి. మన వేటనిషేధమో, ఏప్రిల్ 15న గాని మొదలు కాదు! కొచ్చిలోని కేంద్ర మత్స్యసాంకేతిక సంస్థవారు సాధనమును సిద్ధపరచియే యున్నారు. తాబేలు పోవు కంతలో రొయ్యయు పోవునని జాలరుల భయము. ఆ భయమును ఉత్తరువుతో తీర్పలేము. విశాఖపట్టణము, నిజాంపట్టణముల పడవలలోనే, ఒక ఈడ్పు సాధనముతో, మరియొకటి అది లేకుండ, ఋతువు పొడుగునను ఈడ్చి చూడవలయును. తూకము జాలరి కన్నులయెదుటనే వేయవలయును. తగ్గిన రొయ్యల వెలను, పరీక్ష సాగినన్నాళ్లు, ప్రభుత్వమువారే చెల్లింపవలయును.