స్తంభం వెనక సీటు

మీరెప్పుడైనా స్తంభం వెనక కూర్చుని సినిమా చూశారా? ‘చూశారా’ అనడం నాదే పొరపాటు లెండి. ‘విన్నారా’ అనాలి!

నేను విన్నాను. 2003లో, తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు. ట్యూషన్ ఫీజులోంచి నొక్కేసిన డబ్బులతో, కొత్త సినిమా మొదటిరోజు మ్యాట్నీకి, మా ఊరి టాకీసుకి పరిగెత్తాను. తోపులాటలో చొక్కా గుండీలు రెండు రాలిపోయాయి. టిక్కెట్టయితే దొరికింది గానీ, సీటు మాత్రం రెండడుగుల లావు స్తంభం వెనక! హీరో తెరమీదికి రాగానే హాలంతా కాగితాలు ఎగరేస్తుంటే, నాకు కనిపించింది స్తంభానికి వేసిన సున్నం. డైలాగులు మాత్రం ఒక్క ముక్క పోకుండా వినిపించాయి.

ఇంటర్వెల్లో మెట్లెక్కి ప్రొజెక్టర్ కేబిన్‌లో దూరాను. ఆపరేటర్‌ది మా వీధే. బాబాయ్ అని పిలిచేవాణ్ణి.

“బొమ్మని ఆపేసిన స్తంభం మాటని ఎందుకు ఆపలేదు బాబాయ్?”

ఆయన చదివింది పదో తరగతి. టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు.

“చెరువులో పాతిన కర్రని అల ఏం చేస్తుందిరా? చుట్టేసి అవతల కలిసిపోతుంది. అదే పెద్ద పడవ అడ్డముంటే, దాని వెనక నీళ్లు కదలవు. మాటది పొడుగాటి అల, వెలుగుది బుల్లి అల. మాటకి మా స్తంభం కర్ర. వెలుగుకి పడవ!”

తరవాత డిగ్రీలో ఫిజిక్సు పుస్తకం తెరిస్తే అదే ఉంది. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. సెకనుకి 170 సార్లు కంపించే గొంతు తీసుకోండి. దాని తరంగం పొడవు రెండు మీటర్లు! రెండడుగుల స్తంభం దానికో లెక్కా? వంగి, చుట్టుతిరిగి వచ్చేస్తుంది. గోడలకి తగిలి తిరిగొచ్చే శబ్దం అదనం. కాంతి తరంగం పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. అందుకే స్తంభం వెనక నీడ. అన్నట్టు, ఆ రోజు హీరోయిన్ గజ్జెల చప్పుడు నాకు కాస్త మందంగా వినిపించింది. సన్నని శబ్దాల తరంగాలు పొట్టివి. అవి అంత బాగా వంగలేవన్నమాట!

బాబాయ్ ఓ ఫిల్ము ముక్కని ట్యూబులైటుకి ఎదురుగా పట్టి చూపించాడు. బొమ్మల పక్కన సన్నగా, వంకరటింకరగా ఓ తెల్లగీత.

“ఇదేరా పాట!”

నేను నమ్మలేదు. ఆయన మెషీన్ విప్పి చూపించాడు. చిన్న దీపం వెలుగు ఆ గీతలోంచి దూరి అవతలి ఫొటోసెల్ మీద పడుతుంది. గీత వెడల్పుని బట్టి వెలుగు పెరిగి తరుగుతుంటే, కరెంటూ అలాగే ఊగుతుంది. దాన్ని ఆంప్లిఫయర్ పెంచితే, తెర వెనకున్న స్పీకరు గాలిని కదిలిస్తుంది. తెరకున్న సన్నని చిల్లుల్లోంచి ఆ మాట మనదాకా వస్తుంది. అంటే మనం విన్న ప్రతి పాటా అంతకుముందు వెలుగుగా ఉన్నదే!

ఇంకో తమాషా. మాటని చదివే దీపం బొమ్మ పడే చోట ఉండదు, కిందుగా ఉంటుంది. అందుకని ఏ బొమ్మ మాటైనా ఆ బొమ్మకి సుమారు 20 ఫ్రేములు ముందే ఫిల్ము మీద అచ్చవుతుంది. సెకనుకి 24 ఫ్రేములు. లూపు వదలడంలో ఆపరేటర్ నాలుగు ఫ్రేములు ఎక్కువ వదిలాడా, మాట సెకనులో ఆరోవంతు ఆలస్యం. పెదవి ముందు, పలుకు వెనక. ఇక హాల్లో ఈలలే ఈలలు!

“ఈ వేళ్లమీద ఉందిరా అంతా,” అన్నాడు బాబాయ్. మిగతా సినిమా కేబిన్ కిటికీలోంచే చూశాను.

2012లో మా టాకీసుకి డిజిటల్ ప్రొజెక్టర్ వచ్చింది. లూపులు లేవు, రీళ్లు లేవు. కొన్నాళ్లకి బాబాయ్‌ని కూడా ఇంక రావద్దన్నారు.

పోయినేడు ఆయన్ని సిటీలో మల్టీప్లెక్సుకి తీసుకెళ్లాను. మెత్తటి కుర్చీ. వెతికినా ఒక్క స్తంభం లేదు. ఆట మొదలయ్యాక కూడా ఆయన తెరవైపు చూడలేదు. వెనక్కి తిరిగి, వెలుగు వస్తున్న కిటికీనే చూస్తున్నాడు.

“ఎలా ఉంది బాబాయ్?” అన్నాను.

“బాగుందిరా. స్తంభాలే లేవు. ఇంక పైకెక్కి అడిగే కుర్రాడెవడు?” అన్నాడు.