సంఖ్యాయుక్తనామముల క్రమనిర్ణయము

కొమురవెల్లి మల్లికార్జునస్వామి జాతర సంక్రాంతి మొదలుకొని యుగాదివఱకుఁ బ్రధానముగా నాదివారములందు సాగును. ఒక్కొక్క వారపు విశేషములను వేర్వేఱు పత్రములుగా వ్రాసి, "వారము 1", "వారము 2" అని పేరులిడి గణకయంత్రమున నుంచితి మనుకొందము. పదవ వారము వచ్చిన యేఁట యంత్రము కొన్నియెడల 1, 10, 2 అను వరుసను జూపును. ఇది మనకుఁ బొరపాటు, యంత్రమునకుఁ గాదు. ఒక్కొక్క చిహ్నమునే పోల్చుట దాని నియమము. 1 అను చిహ్నము 2 అను చిహ్నమునకుఁ బూర్వము గావున 10 ముందునకు వచ్చును; సున్నవఱకుఁ బోలిక సాగనే సాగదు.

దీనివలనఁ గలుగు హాని యల్పమని తలంపరాదు. అష్టాధ్యాయిని జూడుఁడు. 8-2-1 సూత్రముచేతఁ ద్రిపాదియందుఁ బరశాస్త్రము పూర్వశాస్త్రముపట్ల నసిద్ధము. మహచ్ఛబ్దమునకుఁ బ్రథమైకవచనమున సుప్రత్యయము లోపించిన పిదప "మహాన్త్" అని నిలుచును. అందుఁ దకారమును లోపింపఁజేయునది 8-2-23. పదాంతనకారమును లోపింపఁజేయునది 8-2-7. పరమైన తలోపము 8-2-7 దృష్టి కసిద్ధము గావున నకారము పదాంతమందున్నట్లు దానికిఁ గనఁబడదు. "మహాన్" అని నకారము నిలుచును. చిహ్నక్రమమునఁ బేర్చిన పట్టికలో 8-2-23 ముందును, 8-2-7 వెనుకను బడును. ఆ పట్టికయే సూత్రపాఠమని నమ్మి ప్రక్రియ సాగించు విద్యార్థికి "మహా" యను నపరూపము సిద్ధించును. క్రమము చెడినచో శాస్త్రమే చెడును.

దీనికిఁ బరిహారమేమి? 02, 10 అని సంఖ్యకు ముందు సున్న చేర్చుట యొక యుపాయము. కాని యెన్ని యంకెలు కావలయునో ముందే యెఱిఁగియుండవలెను. రెండంకెలు చాలునని తలఁచినవాఁడు 200కు మించిన సూత్రములుగల 6-1 పాదమునఁ జిక్కుపడును. మేలైన మార్గ మింకొకటి కలదు. నామమును అక్షరభాగములుగను సంఖ్యాభాగములుగను విడఁదీయవలెను. అక్షరముల నకారాదిక్రమమునఁ బోల్పవలెను. వరుసగానున్న యంకెల నొక్క పదముగా గ్రహించి వాని విలువనుబట్టి పోల్పవలెను. పదమునకుఁ గల యర్థము వర్ణమునకు లేనట్లే, 10లోని 1కి ఒకటి యను నర్థము లేదు గదా!

తెలుఁగు వ్రాఁతలో మఱొక చిక్కు గలదు. యూనికోడు పట్టికలో 1, 2 మొదలగునవి తెలుఁగక్షరములకు ముందును, ౧, ౨ మొదలగునవి వెనుకను నున్నవి. కావున రెండువిధముల యంకెలకును ఒకే విలువ నీయవలెను.

చివర నొక హెచ్చరిక. 1.10 అనునది సూత్రసంఖ్య యైనచో 1.9కిఁ దరువాతిది; దశాంశభిన్న మైనచోఁ బూర్వము. ఇందేది వివక్షితమో యంత్ర మెఱుఁగదు. పట్టిక కూర్చు పండితుఁడే మొదట నిర్ణయించి యంత్రమునకుఁ దెలుపవలెను.