రిమోట్‌ మూగబోతే.. బండి మొరాయిస్తే!
బిళ్ల బ్యాటరీతోనే చిక్కు
ముందుచూపు ఉంటే నడిదారి ఇక్కట్లు ఉండవు

బండిలో పెట్రోలు నిండుగా ఉంది. టైర్లలో గాలి సరిపడా ఉంది. సర్వీసింగ్‌ చేయించి నెల కూడా కాలేదు. అయినా వాహనం కదలదు. మీట నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. తోసుకుంటూ వెళదామంటే హ్యాండిల్‌కు తాళం పడి ఉంటుంది. లోపం ఇంజిన్‌లో లేదు. జేబులోని రిమోట్‌ తాళంలో ఉన్న, రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. కొన్ని పదుల రూపాయలు ఖరీదు చేసే ఈ బిళ్ల, లక్షల విలువైన వాహనాన్ని నడిరోడ్డుపై నిలబెట్టేయగలదు.

ఒకప్పుడు ఖరీదైన మోటారు సైకిళ్లకే పరిమితమైన ఈ భద్రతా ఏర్పాటు ఇప్పుడు సాధారణ స్కూటర్లకూ వచ్చింది. 2023 జనవరిలో హోండా సంస్థ యాక్టివాలో ‘హెచ్‌-స్మార్ట్‌’ పేరిట స్మార్ట్‌ కీ రకాన్ని విడుదల చేసింది. విడిగా కొని బిగించుకునే రిమోట్‌ అలారాలు అంతకు చాలా ముందు నుంచే వాడుకలో ఉన్నాయి. వీటితో దొంగల బెడద కొంత తగ్గినా, బ్యాటరీ విషయంలో అశ్రద్ధ చేస్తే యజమానికే ఇబ్బంది తప్పదు.

ఎందుకు కదలదంటే..

రిమోట్‌ నుంచి రేడియో తరంగాల రూపంలో ఒక రహస్య సంకేతం వాహనానికి అందుతుంది. అది సరిపోలితేనే బండిలోని నియంత్రణ పరికరం ఇంజిన్‌ స్టార్టు అయ్యేందుకు అనుమతిస్తుంది. బ్యాటరీ నీరసిస్తే సంకేతం అందదు. అప్పుడు అసలు యజమానికీ, దొంగకూ మధ్య తేడా బండికి తెలియదు.

సాధారణంగా నడుస్తున్న ఇంజిన్‌ రిమోట్‌ బ్యాటరీ అయిపోయినంత మాత్రాన ఆగిపోదు. ఆపి, తిరిగి స్టార్టు చేసేటప్పుడే చిక్కు వస్తుంది. అందుకే చాలామందికి ఈ సమస్య పెట్రోలు బంకు వద్దో, సంతలోనో, ఆసుపత్రి ముంగిటో ఎదురవుతుంది.

తాళంచెవి తలలో చిప్‌ మాత్రమే ఉండే మరో రకం ఉంది. ఆ చిప్‌కు కావలసిన శక్తి తాళం రంధ్రం చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచే అందుతుంది. వీటికి బ్యాటరీతో పనిలేదు.

ముందే తెలిసే గుర్తులు

బ్యాటరీ సాధారణంగా ఒక్కసారిగా అయిపోదు. దూరం నుంచి పనిచేసే రిమోట్‌ బండికి దగ్గరగా వెళితేనే పనిచేయడం, మీటను రెండు మూడుసార్లు నొక్కాల్సి రావడం, రిమోట్‌పై దీపం మసకబారడం దీనికి సూచనలు. కొన్ని వాహనాల్లో మీటర్‌పై హెచ్చరిక దీపం కూడా వెలుగుతుంది. ఈ గుర్తుల్లో ఏది కనిపించినా వెంటనే బ్యాటరీ మార్చడం మేలు. గుర్తులు లేకపోయినా ఏడాదికోసారి మార్చుకోవడం మంచి అలవాటు.

లోపం ఎక్కడో తేల్చుకోవాలి

రెండో రిమోట్‌తో బండి స్టార్టు అయితే లోపం మొదటి రిమోట్‌దేనని తెలుస్తుంది. హారన్‌, దీపాలు బాగానే ఉండి రిమోట్‌కు మాత్రం స్పందన లేకపోతే దాని బ్యాటరీనే అనుమానించాలి. హారన్‌ గొంతు పోయి, దీపాలు మసకబారితే వాహనంలోని 12 వోల్టుల బ్యాటరీని పరీక్షించాలి. సెల్‌ టవర్లు, అధిక శక్తి ప్రసార కేంద్రాల సమీపంలో సంకేతాలకు అంతరాయం కలగవచ్చు. రిమోట్‌ను సెల్‌ఫోన్‌కు దూరంగా, బండికి దగ్గరగా ఉంచి మరోసారి ప్రయత్నించాలి.

దారిలో ఆగితే..

ఇటువంటి సందర్భాల కోసం తయారీదారులు ప్రత్యామ్నాయ మార్గం ఉంచుతారు. అది ఒక్కో వాహనానికి ఒక్కో రకంగా ఉంటుంది. హార్లే డేవిడ్‌సన్‌ మోటారు సైకిళ్ల భద్రతా వ్యవస్థలో అయిదంకెల పిన్‌ ఉంటుంది. కుడి, ఎడమ ఇండికేటర్‌ మీటలను నిర్ణీత క్రమంలో నొక్కుతూ ఆ అంకెలను నమోదు చేస్తే రిమోట్‌ లేకుండానే బండి స్టార్టవుతుంది. కొన్ని స్మార్ట్‌ కీ వాహనాలతో పాటు గుర్తింపు సంఖ్య ముద్రించిన బిళ్లనో, అత్యవసర తాళంచెవినో ఇస్తారు. మరికొన్నింటిలో బ్యాటరీ అయిపోయిన రిమోట్‌ను నిర్ణీత చోట ఆనిస్తే సరిపోతుంది.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఈ వివరాలున్న పుస్తకాన్ని, సంఖ్య ఉన్న బిళ్లను సీటు కింద డిక్కీలోనే ఉంచుతారు. రిమోట్‌ పనిచేయకపోతే సీటూ తెరుచుకోని వాహనాలున్నాయి. దారి చూపే కాగితం తాళం లోపలే ఉండిపోతుంది. అందువల్ల ఆ సంఖ్యను విడిగా రాసి పర్సులో, ఇంట్లో భద్రపరచుకోవాలి. వాహనంపై మాత్రం రాయరాదు. పాత బండి కొనేవారు రెండు రిమోట్‌లతో పాటు ఈ సంఖ్యనూ అడిగి తీసుకోవాలి.

తొందరపడి తీగలు కత్తిరించడం, నేరుగా కలపడం తగదు. దీనివల్ల ఇతర పరికరాలు చెడిపోవచ్చు. వారంటీ విషయంలోనూ పేచీ రావచ్చు.

మార్చడం ఇలా..

చాలా రిమోట్‌లలో సీఆర్‌2032 రకం లిథియం బ్యాటరీ ఉంటుంది. మొదటి రెండంకెలు 20 మిల్లీమీటర్ల వ్యాసాన్ని, చివరి రెండు 3.2 మిల్లీమీటర్ల మందాన్ని తెలుపుతాయి. సీఆర్‌2025 కూడా 3 వోల్టులదే. వ్యాసమూ అంతే. అయితే మందం 2.5 మిల్లీమీటర్లే కావడంతో వదులుగా ఉండి సరిగా అంటుకోదు. విడిగా బిగించుకున్న అలారాల రిమోట్‌లలో 12 వోల్టుల చిన్న గొట్టం బ్యాటరీలూ ఉంటాయి. పాత బ్యాటరీని వెంట తీసుకెళ్లి అదే సంఖ్య ఉన్నది కొనడం ఉత్తమం.

రిమోట్‌ అంచున ఉన్న గాడిలో గుడ్డ చుట్టిన పలుచని స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తెరవాలి. ‘ప్లస్‌’ గుర్తు ఏ వైపు ఉందో ముందుగా గమనించాలి. కొత్త బ్యాటరీని అంచులతోనే పట్టుకోవాలి. రబ్బరు వలయం ఉంటే యథాస్థానంలో అమర్చాలి. లేకపోతే వాననీరు లోపలికి చేరుతుంది. బిగించిన తర్వాత ఇంటి వద్దనే ఒకటికి రెండుసార్లు స్టార్టు చేసి చూడాలి.

ఇంట్లో ఉన్నప్పుడు స్మార్ట్‌ కీని బండి పక్కనే ఉంచరాదు. నిరంతర సంకేతాలతో బ్యాటరీ త్వరగా అయిపోవచ్చు. దొంగకూ దారి ఇచ్చినట్లవుతుంది.

పిల్లల చేతికి చిక్కనీయరాదు

తీసేసిన బ్యాటరీలోనూ ప్రమాదం మిగిలే ఉంటుంది. చిన్నారులు మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని, రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం చేయగలదు. ప్రాణాపాయమూ ఉంది. మింగినట్లు అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తరలించాలి. అవసరమైతే 108కు ఫోన్‌ చేయాలి. పాత బ్యాటరీ రెండు వైపులా టేపు అంటించి, పిల్లలకు అందకుండా ఉంచి, సేకరణ కేంద్రంలో అప్పగించాలి. చెత్తబుట్టలో వేయరాదు.

బండి బాగున్న రోజునే వాహన పుస్తకంలో ‘రిమోట్‌ పనిచేయకపోతే’ అన్న భాగం చదివి, అందులో చెప్పినట్లు ఒకసారి చేసి చూడాలి. చేతికి అలవాటైతే చీకట్లో, వానలో ఆగినా కంగారు ఉండదు.