పాత సొరంగమునకు క్రొత్త కొలత

హొసకోటె విద్యార్థులలో కొందరు వేసవి సెలవులకు మార్కాపురము, గుంటూరు ప్రాంతములలోని బంధువుల యిండ్లకు పోవుచుందురు. నంద్యాల దాటిన పిదప రైలు నల్లమల యడవిలో ప్రవేశించి, బొగద యను చోట కొండలోనికి దూరును. ఉపాధ్యాయ శిక్షణకై ఆంధ్రదేశమునకు పోయి వచ్చిన దినములలో మేమును ఆ చీకటిని పలుమారులు దాటితిమి. ‘బొగద’ యనగా సొరంగమే. కన్నడమున ‘సురంగ’ యనునదియు మన ‘సొరంగము’ను ఒక్కటియే.

పూర్వము ఆ దారిలో మీటరు గేజి పట్టాలుండెను. పట్టాల నడుమ ఎడము ఒక మీటరు. బ్రాడ్ గేజిలో అది 1.676 మీటర్లు, పెట్టెల వెడల్పును, ఎత్తును హెచ్చు. కోలారు–చిక్కబళ్లాపుర మార్గము 2013లో న్యారో గేజినుండి బ్రాడ్ గేజికి మారుట మీ తల్లిదండ్రు లెరుగుదురు. చిన్న బండికై తొలిచిన సొరంగమున పెద్ద బండి పట్టదు. అప్పుడు పాతదానిని పెంచవలెను, లేదా వేరుదారి త్రవ్వవలెను. నల్లమలలో 1990 తరువాతి దశాబ్దమున రెండవ మార్గము నవలంబించిరి. క్రొత్త సొరంగము వెలసెను. దొరబావి వంతెనపై రైళ్లు నిలిచెను.

పాతదానినే పెంచవలెనన్న, ముందు దాని రోగము నెరుగవలెను. నీరే ప్రధాన శత్రువు. వాననీరు కొండ పగుళ్లగుండ దిగి, ఇటుకల నడుమ సున్నమును కరగించును. గోడను సుత్తితో తట్టినచో గట్టిచోట ఖంగున మ్రోగును. డొల్లచోట బోలుశబ్దము వచ్చును. మొదట ఆ నీటికి కాలువ చూపుదురు. పిమ్మట పాత కట్టుడును కొద్దికొద్దిగా విప్పి, రాతిని చెక్కి, ఉక్కు బోల్టులు దిగించి, కాంక్రీటును ఒత్తిడితో చిమ్ముదురు. అది గట్టిపడినగాని తరువాతి భాగమును ముట్టరాదు.

ఎత్తు మాత్రమే చాలనిచో పట్టాల క్రింది నేలను దింపుదురు. 25,000 వోల్టుల విద్యుత్తీగకు తగినంత యెడము కావలెను గదా! కాని గోడల పునాదిని మించి త్రవ్వినచో గోడలే కూలును. అమెరికాలో బాల్టిమోరు నగరమందలి 1895 నాటి హోవర్డు వీధి సొరంగమును, పెట్టెపై పెట్టె పేర్చిన సరకు బండ్లు పట్టునట్లు, 2025లో కొన్ని నెలలు రైళ్లాపి ఇట్లే లోతుచేసిరి.

కొండలో పని ప్రాణములతో కూడినది. 2025 ఫిబ్రవరి 22న అదే నల్లమలలో, శ్రీశైలము ఎడమగట్టు కాలువకై త్రవ్వుచున్న సొరంగము కూలి, నీరును బురదయు ముంచెత్తగా, ఎనమండుగురు లోపల చిక్కుకొనిరి. ఒక్కరును ప్రాణములతో వెలుపలికి రాలేదు.

కావున సొరంగము ముందు రైలు మెల్లగించినప్పుడు ఆలస్యమని విసుగుకొనకుడు. లోపల ఎవరో దీపము పట్టుకొని గోడను తట్టి చూచుచుండవచ్చును.