నెత్తురు చుక్కను చదివే యంత్రం

పిల్లలూ! దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో స్తంభాల పక్కన నడుస్తూ ఎప్పుడైనా బోర్డులు చదివారా? చైతన్యపురి, కొత్తపేట దాటేలోగా రెండు రకాల బోర్డులు తెగ కనిపిస్తాయి. ఒకటి కోచింగు సెంటర్లవి. రెండోది రక్తపరీక్షలు చేసే ల్యాబులవి. కోచింగు సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు ల్యాబులోకి వెళదాం.

వానాకాలం. మీ తమ్ముడికి వణుకుతూ జ్వరం వచ్చింది. "మలేరియా ఏమో చూద్దాం" అని డాక్టరుగారు చీటీ రాశారు. ల్యాబులో వేలి కొన మీద సూదితో పొడిచి ఒక చుక్క నెత్తురు తీశారు. ఇప్పుడు కార్డు మీద చుక్క వేసి పావుగంటలో తేల్చే పరీక్షలు కూడా వచ్చాయి. అయితే ఒంట్లో మలేరియా క్రిములు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలంటే పాత పద్ధతే గతి. చుక్కను గాజు పలక మీద వేసి, మరో పలక అంచుతో పల్చగా లాగుతారు. ఆరిన తరవాత గీమ్సా అనే రంగు పోస్తారు. ఆ రంగుకు ఒక గొప్ప గుణం ఉంది. మలేరియా క్రిమి ఒళ్ళు నీలంగానూ, దాని కేంద్రకం ఎర్రగానూ తేలతాయి. అప్పుడు పలక మీద నూనె చుక్క వేసి, సూక్ష్మదర్శినిలో వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తారు.

ఎర్ర రక్తకణం ఎంత ఉంటుందో తెలుసా? మిల్లీమీటరు పొడుగున వరసగా పేరిస్తే సుమారు నూట నలభై పడతాయి. అంత చిన్న కణంలో ఇంకా చిన్న ఉంగరంలాగా కూర్చుని ఉంటుంది క్రిమి. ఒకచోట కనపడకపోతే పలకను కొంచెం జరిపి ఇంకోచోట చూడాలి. క్రిమి లేదని చెప్పేముందు కనీసం నూరుచోట్లయినా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం. ఒక్క పలకకే అంత పని! వానలు పడ్డ వారంలో పలకలు గుట్టలుగా వస్తే, సాయంత్రానికి ఆ చూసే మనిషి కళ్ళు ఏమవుతాయో మీరే ఊహించుకోండి. కళ్ళు అలిసినప్పుడు ఉన్న క్రిమి కనపడకుండా పోవచ్చు.

ఈ కళ్ళ కష్టం తెలిసిన మనిషి ఒకాయన మన ఊళ్ళోనే పనిచేశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో బండి మారితే బేగంపేట వస్తుంది. అక్కడ 1897 లో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమలను కోసి చూస్తూ ఉండేవాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమల చేత కుట్టించి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చాడు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయట, కంటిదగ్గరి అద్దం పగిలిందట. ఆగస్టు 20న ఒక దోమ పొట్ట గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. దోమ పొట్టలో కణాలు ఉండడంలో వింతేముంది? వింత ఏమిటంటే వాటిలో నల్లటి రేణువులున్నాయి. మలేరియా రోగుల నెత్తురులో క్రిమి పక్కన కనిపించే నల్లరేణువులు అచ్చం అలాంటివే! మర్నాడు మరో దోమను కోస్తే ఆ కణాలు ఇంకా పెద్దవయ్యాయి. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని అలా తేలింది. 1902 లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. నల్లకుంటలో మన పెద్దవాళ్ళు కోరంటి దవాఖానా అనే ఫీవర్ ఆసుపత్రికి పెట్టింది ఈయన పేరే.

రాస్ చూసింది గుండ్రటి ఆకారాన్ని మాత్రమే కాదు, నల్లరేణువులనే గుర్తును. ఏ గుర్తును పట్టుకోవాలో తెలియడమే చూడడంలోని విద్య. మరి ఈ విద్య యంత్రానికి నేర్పగలమా? నేర్పుతున్నారు. ఉదాహరణలు చూపించి యంత్రం చేతనే గుర్తులు కనిపెట్టించే ఈ పద్ధతిని మెషిన్ లెర్నింగ్ అంటారు.

యంత్రానికి కన్ను లేదు. దానికి ఫోటో అంటే గడుల కాగితం. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క సంఖ్య. కటిక నలుపు అయితే 0, తెల్లని తెలుపు అయితే 255, మధ్య రంగులకు మధ్య సంఖ్యలు. (రంగుల ఫోటోకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని గడికి మూడేసి సంఖ్యలు ఉంటాయి.) అటు నూరు గడులు, ఇటు నూరు గడులు ఉన్న ఒక్క కణం ఫోటో అంటే ముప్ఫై వేల సంఖ్యలన్నమాట.

ఇన్ని సంఖ్యలలో ఉంగరం ఎక్కడుంది? ఒక చిన్న లెక్క చేసి చూడండి. ఒక పక్క వెలుతురు, ఒక పక్క చీకటి ఉన్న తొమ్మిది గడులు తీసుకోండి. మూడు వరసల్లోనూ 200, 200, 90 అని రాయండి. ఇప్పుడు ఒక జల్లెడ తయారు చేద్దాం. ఎడమ నిలువు వరసను కూడాలి, నడిమి వరసను వదిలేయాలి, కుడి వరసను తీసేయాలి. 600 లోంచి 270 తీస్తే 330. అదే తొమ్మిది గడులలోనూ 200 ఉంటే? 600 లోంచి 600 తీస్తే సున్నా! అంటే రంగు మారని చోట ఈ జల్లెడ నోరు మెదపదు. అంచు రాగానే గట్టిగా కేకేస్తుంది. ఈ జల్లెడను ఫోటో అంతటా గడి గడికీ జరుపుకుంటూ పోతే అంచులన్నీ బయటపడతాయి. ఇలాంటి జల్లెడలు పదులు, వందలు ఉంటాయి. మొదటి వరస జల్లెడలు అంచులను పట్టుకుంటే, వాటి జవాబులను మళ్ళీ జల్లించే జల్లెడలు వంపులనూ, వాటి మీదివి ఉంగరాలనూ పట్టుకుంటాయి.

జల్లెడలోని అంకెలను ఎవరు రాస్తారు? అసలు తమాషా ఇక్కడే ఉంది. ఎవరూ రాయరు! మొదట ఏవో తోచిన అంకెలు ఉంటాయి. యంత్రానికి ఒక ఫోటో చూపిస్తారు. "క్రిమి ఉంది" అంటుంది. "లేదు" అని మనం ముందే రాసిపెట్టిన జవాబు చెబుతుంది. వెంటనే తప్పు కాస్త తగ్గే వైపుకు అంకెలన్నీ రవ్వంత రవ్వంత జరుగుతాయి. మీరు స్నానానికి వేడినీళ్ళలో చన్నీళ్ళు కలుపుకుంటూ, చేయి పెట్టి చూసుకుంటూ, ఇంకొంచెం కలుపుకుంటారు కదా, అలాగే. కాకపోతే మీకు రెండే కుళాయిలు, యంత్రానికి లక్షల కుళాయిలు. కొన్ని వేల ఫోటోలు మళ్ళీ మళ్ళీ చూసేసరికి జల్లెడలు కుదురుకుంటాయి.

అయితే ఆ వేల ఫోటోలకు జవాబులు ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా! బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ వైద్య కళాశాల ఆసుపత్రిలో 150 మంది మలేరియా రోగుల నుంచి, 50 మంది ఆరోగ్యవంతుల నుంచి రక్తపు పలకలు తయారుచేశారు. సూక్ష్మదర్శినికి మామూలు స్మార్టుఫోను తగిలించి ఫోటోలు తీశారు. వాటిని బ్యాంకాక్‌లో అనుభవం గల మనిషి కూర్చుని గుర్తించాడు. వాటి నుంచి అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వారు 27,558 కణాల ఫోటోలు కత్తిరించి ఎవరైనా వాడుకోవచ్చని బయటపెట్టారు. సగం క్రిమి ఉన్నవి, సగం లేనివి. ఈ విద్య నేర్చుకునే విద్యార్థులు ప్రపంచమంతటా వీటితోనే చేయి తిప్పుకుంటున్నారు.

ఇప్పుడు పక్కన పెట్టిన కోచింగు సెంటర్లను పిలుద్దాం. గైడులోని లెక్కలే పరీక్షలో వస్తే బట్టీ కొట్టినవాడికీ నూటికి నూరు వస్తాయి. వాడికి లెక్కలు వచ్చినట్టేనా? యంత్రమూ అంతే, గడుసు శిష్యుడు. 27,558 కణాలూ 200 మంది మనుషులవే కదా. కణాలన్నిటినీ కలగలిపి, కొన్ని నేర్పడానికి, కొన్ని పరీక్షకు అని పంచారనుకోండి. ఒకే మనిషి కణాలు రెండు వైపులా పడతాయి. ఆ మనిషి పలక మీద పడ్డ రంగు ఛాయను చూసి యంత్రం జవాబు పట్టేయవచ్చు. అందుకే 2018 లో ఆ పరిశోధకులు కణాలను కాదు, మనుషులను విడదీశారు. నేర్పడానికి వాడిన మనిషి కణం ఒక్కటి కూడా పరీక్షలో రాకూడదు.

ఇంకో మోసం చూడండి. కందిపప్పును స్టీలు పళ్ళెంలోనూ, శనగపప్పును అరిటాకులోనూ పోసి ఫోటోలు తీసి యంత్రానికి నేర్పండి. మార్కులు అదరగొడుతుంది. ఆ తరవాత కందిపప్పును అరిటాకులో పోసి చూపించండి. "శనగపప్పు" అంటుంది! అది నేర్చుకున్నది పప్పును కాదు, పళ్ళేన్ని. ల్యాబు మారితే రంగు చిక్కదనం మారుతుంది, సూక్ష్మదర్శిని దీపం మారుతుంది. ఒక ఆసుపత్రిలో శభాష్ అనిపించుకున్న యంత్రం ఇంకో ఊళ్ళో తడబడడానికి ఇదే కారణం.

మూడో చిక్కు మీ ఎనిమిదో తరగతి శాతాల లెక్క. నూటికి 95 సార్లు సరిగ్గా చెప్పే యంత్రం ఉందనుకుందాం. బాగానే ఉంది కదూ? తమ్ముడి పలక మీద పదివేల కణాలు చూశాం, వాటిలో పదింట్లో క్రిమి ఉంది. యంత్రం ఆ పదింటినీ పట్టేసిందనే అనుకుందాం. మిగతా 9,990 మంచి కణాలలో నూటికి 5 చొప్పున, అంటే సుమారు 500 కణాలను కూడా "క్రిమి ఉంది" అంటుంది. మొత్తం 510. సరే, ఏ జ్వరమూ లేని మీ పలకను పెడితే? 500! ఈ రెండు సంఖ్యలను చూసి మందు ఎవరికివ్వాలో ఎలా చెబుతారు? ఫోటోల గుట్టలో క్రిమి ఉన్నవి సగం. నిజమైన నెత్తురులో అలా సగం ఉండవు. 95 మార్కుల యంత్రం తమ్ముడికి పనికిరాలేదు.

అలాగని దాన్ని అవతల పారేయనక్కర లేదు. పదివేల కణాలను వెతకాల్సిన మనిషికి యంత్రం ఆ 510 కణాలను ఏరి ముందు పెడితే, పనిలో ఇరవయ్యింట పంతొమ్మిది వంతులు తగ్గినట్టే. అలిసిన కళ్ళకు తోడుగా యంత్రం, చివరి మాట మనిషిది. యంత్రాల గురించి వినబడే గొప్పల కంటే ఈ ఏర్పాటే నాకు నచ్చుతుంది. ఎర్రకణం మీద ఒక రక్తఫలకిక వచ్చి కూర్చుంటే అది కూడా క్రిమిలాగే ఉంటుంది. ఆ తేడా తెలిసిన కన్ను ఒకటి పక్కన ఉండి తీరాలి.

మన ఊళ్ళో ఇలాంటి పని మెదడు గడ్డల మీద జరిగింది. పంజగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ కలిసి 367 మంది రోగుల నుంచి 547 పలకల ఫోటోల గుట్టను 2024 లో ప్రచురించారు. ఎక్కడో చలిదేశపు ఆసుపత్రి ఫోటోల మీద నేర్చుకున్న యంత్రం మన రోగుల దగ్గర పళ్ళెం చూసి పప్పు పేరు చెప్పకుండా ఉండాలంటే, మన పలకలూ దానికి చూపించాలి. రోగులకంటే పలకలు ఎక్కువున్నాయి, గమనించారా? పరీక్ష పెట్టేటప్పుడు విడదీయాల్సింది పలకలనా, మనుషులనా? జవాబు మీకు తెలుసు.

మీరూ మొదలుపెట్టవచ్చు. ఉల్లిపొర ఒలిచి, చుక్క అయోడిన్ వేసి, బడి సూక్ష్మదర్శిని కింద పెట్టండి. మీ సారునో టీచరునో అడిగి, కంటిదగ్గరి అద్దానికి ఫోను ఆనించి ఫోటో తీయండి. బడి కంప్యూటరులో ఇమేజ్‌జె అనే ఉచిత ప్రోగ్రాము వేయించుకుని, ఆ ఫోటోను నలుపు తెలుపులోకి మార్చి తెరవండి. బాణాన్ని కేంద్రకం మీద పెడితే ఆ గడిలోని సంఖ్య కనిపిస్తుంది. పక్కకు జరిపితే సంఖ్య పెరుగుతుంది. అందులో ఫైండ్ ఎడ్జెస్ అనే మీట ఉంది. ఇందాక మీరు కాగితం మీద చేసిన జల్లెడ లాంటి లెక్కే అది ఫోటో అంతటా క్షణంలో చేస్తుంది.

తరవాత యాభై కణాలకు నంబర్లు వేయండి. "ఇందులో కేంద్రకం కనిపిస్తోందా?" అని మీరూ, మీ స్నేహితుడూ విడివిడిగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా అవును, కాదు అని రాయండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే కొన్నిటి దగ్గర తగాదా వస్తుంది. ఆ కణాలను కొట్టేయకండి. వాటి నంబర్లు వేరే రాసి, ఇద్దరూ కలిసి మళ్ళీ సూక్ష్మదర్శిని దగ్గరికి వెళ్ళి, మరను కొంచెం అటూ ఇటూ తిప్పి చూడండి.